స్టీల్‌హెడ్‌కు గాలం సైజు ఎంత ఉండాలి? జన విసరగానే ఊడిపోతోంది

కొత్తగాలం, రెడ్మండ్ (ఫిబ్రవరి 3, రాత్రి 9:10)

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఇక్కడ మీ రాతలన్నీ చదువుతున్నాను, నేను రాసింది ఒక్క ముక్క లేదు. ఇక అడగక తప్పేట్టు లేదు.

స్టీల్‌హెడ్ అని, సముద్రం నుంచి నదికి ఎదురెక్కే చేప కోసం వరసగా మూడు శనివారాలు వాషింగ్టన్‌లోని కౌలిట్జ్ నదికి వెళ్ళాను, బ్లూ క్రీక్ వాగు వచ్చి కలిసే చోటికి. తెల్లవారుజామున మూడున్నరకు లేవడం, రెండు గంటలు కారు నడపడం, చీకట్లో గట్టున చోటు వెతుక్కుని నిలబడటం. చేపలు లేవని అనలేను. నా పక్కన నిలబడిన తెల్లజుట్టు పెద్దాయన గంటలో రెండు పట్టాడు. ఆయన గాలానికి ఉన్న ఎర నా బొటనవేలి గోరంత. నాది నిమ్మకాయంత!

నా సరంజామా ఇది: బెండు, దాని కింద సీసం, అక్కడి నుంచి రెండడుగుల లీడర్ (గాలానికి కట్టే చివరి లైను ముక్క), చివర 3/0 గాలం. పది పౌండ్ల చేప కదా అని పెద్దదే కొన్నాను. ఎర సాల్మన్ జన, అంటే చేప గుడ్లు. నవంబరులో మిత్రుడు పట్టిన కోహో చేపది. చిన్నప్పుడు కాలవ గట్టున వానపామును గుచ్చినట్టే జన ముక్కను రెండు మూడు చోట్ల గుచ్చుతున్నాను. విసిరితే బెండు ఒకవైపు, జన ఒకవైపు. ఊడకుండా నీళ్ళలో పడినది కూడా రెండు నిమిషాలకే తెల్లబడి ఉత్త తోలు మిగులుతోంది.

బెండు మొత్తం మూడుసార్లు మునిగింది. రెండుసార్లు లాగితే ఏమీ లేదు. మూడోసారి చేప తగిలింది, వెండి పళ్ళెంలా ఒక్కసారి నీళ్ళమీద మెరిసింది, ఐదు లెక్కపెట్టేలోపు లైను వదులైపోయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే నమ్మండి.

గాలం ఏ సైజు ఉండాలి? జనను దానికి ఎలా నిలబెట్టాలి?

ఏరుదాటి, టకోమా (ఫిబ్రవరి 3, రాత్రి 10:02)

చెప్పేముందు నావి మూడు ప్రశ్నలు. జన ఊరబెట్టారా, పచ్చిదే వాడుతున్నారా? ఆ రోజు నీళ్ళు ఎలా ఉన్నాయి? గాలం మొన చివరిసారి ఎప్పుడు చూశారు?

కొత్తగాలం, రెడ్మండ్ (ఫిబ్రవరి 3, రాత్రి 10:15)

పచ్చిదేనండి. సంచిలో వేసి ఫ్రీజర్‌లో పెట్టాను. నీళ్ళు ఆకుపచ్చగా ఉన్నాయి, మూడడుగుల లోతు దాకా రాళ్ళు కనిపించాయి. మొన చూడటం ఎందుకు? గాలం కొత్తదే కదా.

ఏరుదాటి, టకోమా (ఫిబ్రవరి 4, ఉదయం 6:30)

మీ మూడు జవాబుల్లోనే మీ మూడు చేపలూ పోయాయి.

గాలం సంగతి ముందు. చేపను తలచుకుని గాలం కొన్నారు. చేసిన పొరపాటు అదే. గాలం ఎర పరిమాణాన్ని బట్టి కొనాలి, ఎర పరిమాణం నీళ్ళను బట్టి తేల్చుకోవాలి. చేప ఎంత పెద్దదన్నది ఆఖరి మాట. 1970లో అలాస్కాలో బెల్ ఐలాండ్ దగ్గర 42 పౌండ్ల 2 ఔన్సుల స్టీల్‌హెడ్ దొరికింది, ప్రపంచ రికార్డు అదే. మన నదుల్లో మామూలుగా తగిలేది ఆరు నుంచి పన్నెండు పౌండ్లది. దానికి 2 నంబరు గాలం ధారాళంగా సరిపోతుంది.

నంబర్ల లెక్క కొత్తవాళ్ళను తికమక పెడుతుంది కాబట్టి చెబుతున్నాను. 10, 8, 6, 4, 2, 1 అని అంకె తగ్గేకొద్దీ గాలం పెద్దదవుతుంది. 1 దాటాక 1/0, 2/0, 3/0 అని అంకె పెరిగేకొద్దీ పెద్దది. మీ 3/0 చినూక్ సాల్మన్‌కు నిమ్మకాయంత జన కట్టేవాళ్ళు వాడేది.

వానలకు నది ఉబ్బి, చెయ్యి ముంచితే మణికట్టు కనిపించనంత బురదగా ఉంటే 1/0, దానికి పెద్ద ఉసిరికాయంత ముక్క. మీరు చెప్పిన ఆకుపచ్చ నీళ్ళు ఈ చేపకు శ్రేష్ఠమైనవి. వాటికి 1 గాని 2 గాని, జన కుంకుడుకాయంత. పక్కన నిలబడ్డ ఆ పెద్దాయన చేసింది ఇదే. నది తగ్గి అద్దంలా తేరుకుంటే 4 నంబరు, శనగగింజ కంటే కాస్త పెద్ద ముక్క.

ఇక మొన. బెండు మునిగినా చేప తగలకపోవడానికి కారణం ఎర ముద్దలో మొన కూరుకుపోవడమే. మొనకూ కాడకూ మధ్య ఉన్న ఎడం ఖాళీగా ఉండాలి. ఆ ఎడం నిండా జన కూరితే చేప దాన్ని నోట్లోకి తీసుకుని, నొక్కి, ఉమ్మేస్తుంది. మీరు లాగేది మెత్తటి ముద్దను. కొత్త గాలమైనా రాళ్ళమీద పదిసార్లు ఈడ్చుకుంటూ పోతే మొన మొద్దుబారుతుంది. బొటనవేలి గోటిమీద ఏటవాలుగా ఆనించి చూడండి. పట్టుకుని ఆగితే మంచిది. జారితే మార్చేయండి.

పచ్చి జన గురించి వానచినుకు గారు చెబుతారు. ఆవిడకు ఊరగాయలలో నాకంటే మంచి చేయి.

వానచినుకు, పోర్ట్‌లాండ్ (ఫిబ్రవరి 4, ఉదయం 11:45)

ఏరుదాటి గారూ, ఊరగాయ అన్నారు కాబట్టి ఒప్పుకుంటున్నాను, వాలకం నిజంగా అదే.

కొత్తగాలం గారూ, ఊరబెట్టని జనను గడ్డ కట్టిస్తే గింజల్లో మంచు ముళ్ళు ఏర్పడి తోలు చిట్లుతుంది. కరిగాక జావ. దాన్ని ఏ ముడీ నిలబెట్టలేదు. వాక్యూమ్ సంచిలో గడ్డ కట్టించి తర్వాత ఊరబెట్టేవాళ్ళు ఉన్నారు గాని గింజ మెత్తగానే ఉంటుంది.

తాజా జన తిత్తి దొరికితే ఇలా చేయండి. చేపను పట్టిన వెంటనే మొప్పలు కోసి నెత్తురు కార్చేయాలి. తిత్తిలో సన్నటి నెత్తుటి నాళాలు కనిపిస్తాయి. చెంచా వెనక వైపుతో మెల్లగా తోసి నెత్తురు బయటికి పంపేయండి, లేదంటే అది కుళ్ళి జన మొత్తం వాసన కొడుతుంది. మంచినీళ్ళతో మాత్రం కడగవద్దు. మంచినీళ్ళు తగిలితే గింజ పైతోలు గట్టిపడి తెల్లబడుతుంది. కాగితపు రుమాలుతో అద్దండి.

ఇంటి పద్ధతిలో బోరాక్స్ (వెలిగారం) రెండు పాళ్ళు, పంచదార ఒకటి, అయోడిన్ లేని ఉప్పు ఒకటి. రంగు కావాలంటే గులాబీ గాని నారింజ గాని కలపండి. దుకాణంలో దొరికే పొడి వాడినా ఫరవాలేదు. తిత్తిని పుస్తకంలా విప్పి, మడతల మధ్య కూడా చల్లి, సంచిలో వేసి మెల్లగా దొర్లించండి. గంటా రెండు గంటల్లో ఊట వస్తుంది. మాగాయ ముక్కలు ఊట దిగినట్టే. అయ్యో నీరు కారిపోయింది, పాడైందని పారబోయకండి. ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంచితే ఆ ఊటనంతా గింజలు మళ్ళీ తాగేసి నిండుగా, గట్టిగా, రబ్బరు పూసల్లా తయారవుతాయి. అప్పుడు తీసి కాస్త ఆరనిచ్చి, పొడి బోరాక్స్‌లో దొర్లించి సీసాలో పెట్టుకోండి.

చేతికి తొడుగులు మరవకండి. మా వంటగది గట్టుకు అంటిన గులాబీ మరక నాలుగేళ్ళయినా పోలేదు.

ఒక హెచ్చరిక. పాత పొడుల్లో సోడియం సల్ఫైట్ ఎక్కువగా ఉండేది. ఆ జనను తిన్న చేపపిల్లలు చచ్చిపోతున్నాయని ఒరెగాన్‌లో పరిశోధకులు పదిహేనేళ్ళ కిందటే గమనించారు. మనం విసిరే ప్రతి ముక్క నుంచీ నాలుగు గింజలు రాలి పిల్లల నోట పడుతూనే ఉంటాయి కదా. డబ్బా మీద చదివి కొనండి. నేనైతే ఇంటి పాళ్ళే వాడతాను.

చలిచేతులు, క్లీవ్‌లాండ్ (ఫిబ్రవరి 4, మధ్యాహ్నం 2:20)

పడమటి వాళ్ళు చెప్పిందంతా విన్నాను. 2 నంబరు గాలమా! మా ఈరీ సరస్సు వాగుల్లో అది వేస్తే చేప నవ్వుకుంటూ పక్కకు పోతుంది. ఇక్కడ రాకీ, షగ్రిన్, గ్రాండ్ నదుల్లో నేను వాడేది 8 లేదా 10. లైను నాలుగు నుంచి ఆరు పౌండ్లు. జన తిత్తి ముక్కలు కట్టే అలవాటు కూడా తక్కువ. విడి గింజలు ఐదారు తీసుకుని, మూడంగుళాల చదరపు వల గుడ్డలో పెట్టి, మూట చుట్టి, సాగే సన్న దారంతో ఐదారు చుట్లు బిగిస్తాం. ఆ దారానికి ముడి వేయనక్కర్లేదు, లాగి తెంపితే తనంతట తానే పట్టుకుంటుంది. బఠాణీగింజ అంత మూట. గాలాన్ని గుడ్డ అంచులో గుచ్చితే చాలు, విసిరినా ఊడదు. అడుగున రాళ్ళకు తగలకుండా రెండు చిన్న నురుగు పూసలు కూడా లోపల పెట్టి కడతాం.

గుడ్డ రంగులు నాలుగైదు సంచిలో ఉండాలి. తేటనీళ్ళలో తెలుపో లేత గులాబీయో, మురికినీళ్ళలో పచ్చగా మెరిసేదో ముదురు నారింజో.

ఏరుదాటి, టకోమా (ఫిబ్రవరి 4, సాయంత్రం 5:05)

చలిచేతులు గారూ, మీ వాగు నడుముకు మించి లోతుండదు, పది అడుగులు వేస్తే దాటేస్తారు. మా నది ఇరవై అడుగుల లోతు గుంటలు, బలమైన వడి. మీ 10 నంబరు గాలం సన్నటి తీగ ఆ వడిలో చేప తిరగబడితే నిటారుగా సాగిపోతుంది. ఎవరి నీళ్ళు వాళ్ళవి.

చలిచేతులు, క్లీవ్‌లాండ్ (ఫిబ్రవరి 4, సాయంత్రం 5:40)

ఒప్పుకున్నాను. కానీ మూట పద్ధతి మీ నదిలోనూ పనిచేస్తుంది, కాదనకండి. విడిగింజలు మిగిలిపోయినవాళ్ళకు అంతకంటే మంచి దారి లేదు.

ఏరుదాటి, టకోమా (ఫిబ్రవరి 4, సాయంత్రం 5:52)

కాదనడం లేదు. 4 నంబరు గాలంతో నేనూ కట్టాను.

లంకలపల్లె, శాన్ హోసే (ఫిబ్రవరి 4, రాత్రి 8:30)

నేను గాలం పట్టి పదేళ్ళయింది, ఐనా ఈ చర్చ వదలలేకపోతున్నాను. జన అన్న మాట ఇక్కడ చూసి ప్రాణం లేచి వచ్చింది. మా లంకల్లో జన అంటే పులుసు, వేపుడు, అంతే. ఎరగా వేస్తారంటే మా నాయనమ్మ ఒప్పుకునేది కాదు.

ఒక సందేహం. సముద్రం నుంచి నదికి ఎదురెక్కి వచ్చే చేపలు అప్పుడు ఏమీ తినవంటారు కదా. మా పులస కూడా వరద గోదావరికి అలాగే ఎక్కుతుంది, దాన్ని వలతో పట్టడమే గాని గాలానికి పడిందని నేను వినలేదు. మరి ఈ స్టీల్‌హెడ్ జనకు ఎందుకు నోరు తెరుస్తుంది?

వానచినుకు, పోర్ట్‌లాండ్ (ఫిబ్రవరి 4, రాత్రి 9:15)

మంచి ప్రశ్న. ఇది నిజానికి సముద్రానికి వెళ్ళివచ్చిన రెయిన్‌బో ట్రౌటే. పుట్టింది నదిలో, పెరిగింది సముద్రంలో. పసిఫిక్ సాల్మన్‌లా గుడ్లు పెట్టగానే తప్పనిసరిగా చావదు, కొన్ని తిరిగి సముద్రానికి పోయి మరో ఏడాది మళ్ళీ వస్తాయి. నదికి వచ్చాక ఆకలి బాగా తగ్గుతుంది గాని ట్రౌట్ బుద్ధి పూర్తిగా పోదు. పిల్లగా ఉన్నప్పుడు సాల్మన్ గూళ్ళ కిందకు కొట్టుకొచ్చే గుడ్లు ఏరుకుని తిన్నదే కదా. ఆ వాసన ముక్కు ముందు నుంచి నడుస్తూ పోతే ఊరుకోలేదు. అందుకే ఎర మెల్లగా, నది అడుగు నీళ్ళ వేగంతో పోవాలి. పరుగెత్తించిన ఎర వెనక అది పడదు, చల్లటి నీళ్ళలో అసలే బద్ధకం.

కొత్తగాలం, రెడ్మండ్ (ఫిబ్రవరి 5, రాత్రి 10:20)

ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, అందరికీ కృతజ్ఞతలు. ఈ రోజు ఆఫీసు నుంచి వస్తూ 1, 2, 4 నంబర్లలో పైకి వంగిన బెజ్జం ఉన్న గాలాలు కొన్నాను. దుకాణంలో కుర్రవాడు, వీటికి జన ఉచ్చు ముడి వేయాలి, అప్పుడే ఊడదు అన్నాడు. ఇంటికి వచ్చి వీడియో పెట్టుకుని గంటన్నర కుస్తీ పట్టాను. పదకొండు గాలాలు వేస్తే పదకొండూ విడిపోయాయి. మా ఆవిడ పక్కన కూర్చుని మల్లెపూల దండ ఇంతకంటే తేలిక అంటోంది. ఎవరైనా మాటల్లో చెప్పగలరా?

వానచినుకు, పోర్ట్‌లాండ్ (ఫిబ్రవరి 6, ఉదయం 7:50)

మీ ఆవిడ చేతికి ఇచ్చి చూడండి, మీకంటే ముందే వస్తుంది. దండ కట్టే చేతికి తెలిసిన పనే ఇది.

రెండున్నర అడుగుల లీడర్ ముక్క తీసుకోండి. పది పౌండ్ల ఫ్లోరోకార్బన్ లైను చాలు. గాలాన్ని ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య వంపు దగ్గర పట్టుకోండి, బెజ్జం కుడివైపు, మొన కిందికి. లీడర్ ఒక కొసను బెజ్జంలోంచి దూర్చి కాడ వెంబడి అంగుళంన్నర పడుకోబెట్టండి. ఇప్పుడు లీడర్ పొడుగు భాగాన్ని పట్టుకుని కాడనూ ఆ కొసనూ కలిపి బెజ్జం వైపు నుంచి వంపు వైపు పది చుట్లు చుట్టండి, ఒకదాని పక్కన ఒకటి, బొంగరానికి తాడు చుట్టినట్టు. చుట్లు ఎడమచేతి వేళ్ళ కింద నొక్కి ఉంచాలి. మీ పదకొండూ విడిపోయింది ఇక్కడే, వేలు వదిలేసి ఉంటారు.

తర్వాత లీడర్ రెండో కొసను కాడ వైపు నుంచి అదే బెజ్జంలోంచి బయటికి దూర్చి, వెనక ఉన్న లైనును కాడ వెంబడి పడుకోబెట్టి వేళ్ళ కిందికి తీసుకోండి. కింద పెద్ద ఉచ్చు వేలాడుతుంది. ఆ ఉచ్చులో మొదటి చుట్ల నుంచి వచ్చే పాయను పట్టుకుని, ఇప్పుడు పడుకోబెట్టిన లైను మీదుగా మరో ఆరు చుట్లు. మళ్ళీ నొక్కి పట్టి, బెజ్జం బయట ఉన్న పొడుగు కొసను లాగండి. వేలాడే ఉచ్చు చిన్నదవుతూ చుట్ల కిందికి పోతుంది. ఉమ్మి తడి చేసి లాగితే లైను వేడెక్కదు. మిగిలిన చిన్న కొసను చుట్ల దగ్గర కత్తిరించండి.

ఇప్పుడు పరీక్ష. లీడర్‌ను బెజ్జంలోకి వెనక్కి తోయండి. కాడ మీద చిన్న ఉచ్చు లేచి నిలబడాలి. అందులో జన ముక్కను, పొర ఉన్న వైపు పట్టుకుని పెట్టి, లీడర్ లాగండి. ఉచ్చు బిగిసి పొరను కాడకు అదిమి పట్టుకుంటుంది. గాలం జనను గుచ్చదు, కౌగిలించుకుంటుంది. మొన పూర్తిగా బయటే ఉంటుంది. బెజ్జం పైకి వంగి ఉండటం దీనికోసమే, లైను బెజ్జంలోంచి వచ్చి కాడతో ఒకే గీతలో లాగుతుంది.

జనను కత్తెరతో కోయండి, ప్రతి ముక్కకూ కాస్త పొర వచ్చేట్టు. పొరలేని ముక్క ఏ ముడికీ నిలవదు.

ఏరుదాటి, టకోమా (ఫిబ్రవరి 6, ఉదయం 8:10)

ఇంత బాగా నేను చెప్పలేకపోయేవాడిని. ఒక్క మాట కలుపుతాను. ఉచ్చులో జనతో పాటు అంగుళం పొడవు ఊలు దారం ముక్క పెట్టండి, గులాబీయో నారింజో. చేప పళ్ళకు ఊలు చిక్కుకుంటుంది. అది ఉమ్మేసేలోపు మీకు అర క్షణం ఎక్కువ దొరుకుతుంది. ఎర కరిగిపోయినా వాసన ఊలులో మిగులుతుంది.

విసరడం కూడా మార్చుకోండి. కొరడా ఝళిపించినట్టు కాదు, పక్క నుంచి పెద్ద విసురుగా, బిందెలో నీళ్ళు మొక్కల మీద పోసినట్టు.

నియమాలనరసయ్య, ఒలింపియా (ఫిబ్రవరి 6, మధ్యాహ్నం 12:30)

ఎవరూ అడగని ప్రశ్న నేనే అడుగుతాను. ఈ జన మహోత్సవం ఏ నదిలో?

కొత్తగాలం, రెడ్మండ్ (ఫిబ్రవరి 6, మధ్యాహ్నం 1:05)

కౌలిట్జ్‌లోనేనండి. తర్వాత మార్చిలో మిత్రులతో హో నదికి వెళ్ళాలని ఉంది. అక్కడ అడవి చేపలు పెద్దవి దొరుకుతాయంటున్నారు.

నియమాలనరసయ్య, ఒలింపియా (ఫిబ్రవరి 6, మధ్యాహ్నం 1:40)

అనుకున్నాను. హో నదికి ఆ జన సీసా పట్టుకెళితే జరిమానా రసీదు పట్టుకుని వస్తారు. 2020 డిసెంబరులో వాషింగ్టన్ తీరనదుల్లో శీతాకాలపు స్టీల్‌హెడ్‌కు ఎర నిషేధించారు, పడవ మీద నుంచి గాలం వేయడమూ ఆపారు. వెనక ముల్లు లేని ఒంటిమొన గాలం తప్పనిసరి. ఆ తర్వాత ప్రతి ఏడూ నిబంధనలు మారుతూనే ఉన్నాయి, కొన్నిసార్లు సీజన్ మధ్యలోనే నది మూసేస్తారు. కాబట్టి ఎవరో రాసింది కాదు, బయలుదేరే ముందు రోజు రాత్రి రాష్ట్ర చేపల శాఖ అత్యవసర ప్రకటనలు చూడండి. కౌలిట్జ్‌కూ అంతే.

శాఖ వాళ్ళకు మన మీద పగేమీ లేదు. ఎరను చేప లోతుగా మింగుతుంది, గొంతులో గుచ్చుకున్న గాలంతో వదిలిన చేప బతకడం కష్టం. పూసో ఊలో అయితే ఎక్కువగా పెదవికే తగులుతుంది. ప్యూజెట్ సౌండ్ నదుల స్టీల్‌హెడ్ 2007 నుంచి ముప్పున్న జాతుల జాబితాలో ఉంది.

తోక ముందు వీపు మీద ఉండే చిన్న కొవ్వు రెక్క చూడండి. అది కత్తిరించి, గాయం మాని ఉంటే హేచరీ (చేపల పెంపక కేంద్రం) చేప, ఉంచుకోవచ్చు. రెక్క ఉంటే అడవిది, వదిలేయాలి. వదలాల్సిన దాన్ని నీళ్ళలోంచి పూర్తిగా పైకి ఎత్తడం కూడా తప్పే. ఉంచుకుంటే అక్కడికక్కడే పట్టిన చేపలు నమోదు చేసే కార్డులో రాయాలి, ఇంటికి వెళ్ళాక కాదు.

వానచినుకు, పోర్ట్‌లాండ్ (ఫిబ్రవరి 6, మధ్యాహ్నం 3:00)

నరసయ్య గారు వస్తే పండగ వాతావరణం చల్లబడుతుంది, కానీ ఆయన రాకపోతే మనలో సగం మంది జరిమానా కట్టేవాళ్ళమే.

హోకి వెళ్ళేటప్పుడు జన బదులు పూస. ఎనిమిది లేదా పది మిల్లీమీటర్ల గుండ్రటి పూసను లీడర్ మీద గాలానికి రెండంగుళాల పైన పుల్ల ముక్కతో కదలకుండా బిగిస్తారు. చేప గుడ్డనుకుని పూసను నోట పెడుతుంది, గాలం నోటి బయట అంచుకు తగులుతుంది. వాసన పూయకూడదు, అది కూడా ఎర కిందికే వస్తుంది. ముల్లును పట్టకారుతో నొక్కి చదును చేసుకోండి.

కొత్తగాలం, రెడ్మండ్ (ఫిబ్రవరి 10, రాత్రి 9:30)

మధ్యలో ఒక విశేషం. బుధవారం మిత్రుడు హేచరీ ఆడచేపను పట్టి తాజా తిత్తి ఒకటి ఇచ్చాడు. వానచినుకు గారు చెప్పిన పాళ్ళతో ఊరబెట్టాను. ఊట వచ్చింది, మళ్ళీ తాగేసింది, గింజలు దానిమ్మ గింజల్లా మెరుస్తున్నాయి. సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో పెట్టాను.

రాజమండ్రి నుంచి మా అమ్మ వచ్చి నెలయింది. ఈ రోజు మధ్యాహ్నం నేను మీటింగులో ఉండగా వంటింట్లో ఉల్లిపాయలు వేగుతున్న వాసన. అమ్మ సీసా మూత తీసి, "జన ఇంత బాగుంది, నాకు చెప్పలేదేం" అంటోంది. మా ఆవిడ పరుగెత్తి సీసా లాక్కుంది. బాణలిలో నూనె అప్పటికే కాగింది.

వానచినుకు, పోర్ట్‌లాండ్ (ఫిబ్రవరి 10, రాత్రి 9:42)

అమ్మో! బోరాక్స్ కడుపులోకి పోకూడదు. సీసా మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి అంటించండి. తినే సరుకు పక్కన అసలు పెట్టకండి. గరాజులో చిన్న ఫ్రిజ్ కొనడానికి మీకు మంచి సాకు దొరికింది.

లంకలపల్లె, శాన్ హోసే (ఫిబ్రవరి 10, రాత్రి 10:05)

మీ అమ్మగారిది తప్పేమీ లేదండి. ఈసారి తిత్తి దొరికితే సగం ఆవిడకు ముందే ఇచ్చేయండి, ఉప్పు, కారం, పసుపు మాత్రమే వేసి.

కొత్తగాలం, రెడ్మండ్ (ఫిబ్రవరి 17, రాత్రి 8:45)

ఈ రోజు సంగతి. కౌలిట్జ్ నిబంధనలు నిన్న రాత్రి చూశాను, నరసయ్య గారూ. నీళ్ళు ఆకుపచ్చ, మూడడుగులు కనిపిస్తున్నాయి. 2 నంబరు గాలం, కుంకుడుకాయంత జన, గులాబీ ఊలు. ముడి మా ఆవిడ వేసింది, ఆరు లీడర్లు వరసగా. నాది ఇంకా నాలుగింట ఒకటి విడిపోతోంది.

బెండు లోతు మార్చడంలోనే గంట పోయింది. మొదట ఎర నది అడుగుకు తగిలి బెండు పక్కకు వాలింది, అరడుగు తగ్గించాను, మళ్ళీ తగ్గించాను. ఎర నది అడుగు నుంచి ఒక అడుగు ఎత్తులో ఉందని అనిపించాక కదలకుండా ఉంచాను. ఇరవై విసుర్లు వేశాను, ఒక్కసారి కూడా జన ఊడలేదు. గింజలు పాలు కారి తెల్లబడితేనే మార్చాను.

తొమ్మిదింటికి బెండు మునగలేదు, పక్కకు జరిగింది అంతే. అలవాటు ప్రకారం ఆగేవాడిని, కానీ వదులు లైను చుట్టుకుని లాగాను. బరువు తగిలింది. పది నిమిషాలు అది చెప్పినట్టు నేను విన్నాను. మూడుసార్లు నీళ్ళ మీదికి లేచింది. మోకాలి లోతులోకి వచ్చాక చూస్తే వీపు మీద కొవ్వు రెక్క నిండుగా ఉంది. అడవి చేప. ఎనిమిది పౌండ్లు ఉంటుందేమో, తల మీద ఉక్కు నీలం, బుగ్గ మీద సన్నటి గులాబీ చార. గాలం సరిగ్గా దవడ మూలన ఉంది, పట్టకారుతో ఒక్కసారి తిప్పితే వచ్చేసింది. ముల్లు ముందే నొక్కేసి ఉంది. తోక పట్టుకుని ప్రవాహానికి ఎదురుగా ఉంచాను. చేతిలోంచి తనే విదిలించుకుని పోయింది.

ఫోటో లేదు. చేతులు వణుకుతూ ఉన్నాయి, ఫోను జేబులోనే ఉంది.

నియమాలనరసయ్య, ఒలింపియా (ఫిబ్రవరి 17, రాత్రి 9:00)

బాగా చేశారు. చెప్పడానికి నాకు ఏమీ మిగల్లేదు, ఇది అరుదు.

చలిచేతులు, క్లీవ్‌లాండ్ (ఫిబ్రవరి 17, రాత్రి 9:20)

మొదటి స్టీల్‌హెడ్‌కు అభినందనలు. మూటలు కట్టడం కూడా నేర్చుకోండి, మీ ఆవిడకు పది నిమిషాలు కూడా పట్టదు.

ఏరుదాటి, టకోమా (ఫిబ్రవరి 17, రాత్రి 9:35)

సంతోషం. ఆ గాలంతోనే మళ్ళీ విసిరారా? దవడ ఎముకకు తగిలిన మొన అది. గోటి మీద పెట్టి చూశారా?

కొత్తగాలం, రెడ్మండ్ (ఫిబ్రవరి 17, రాత్రి 9:41)

ఇప్పుడే చూశాను. జారింది. ఆ తర్వాత ముప్పై విసుర్లు దాంతోనే వేశాను.